ఏ నలుపు? లినక్స్ డెస్క్‌టాప్ తెరుచుకోనప్పుడు

రాత్రి పదిన్నరకి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. బీటెక్ ఆఖరి సంవత్సరం. మర్నాడు ప్రాజెక్టు రివ్యూ. ల్యాప్‌టాప్‌లో ఉబుంటు అనే లినక్స్.

"మామయ్యా, సిస్టం పోయింది."

"పోవడమంటే? ఏం కనిపిస్తోంది?"

"ఏం కనిపించట్లేదు. అంతా నలుపే."

"ఏ నలుపురా?"

అవతల కాసేపు చప్పుడు లేదు. వెటకారం చేస్తున్నాననుకున్నట్టున్నాడు. నేను నిజంగానే అడిగాను. లినక్స్‌లో నల్లతెర ఒకటి కాదు, నాలుగైదు రకాలు. ఏ నలుపో తెలిస్తే రోగం సగం తెలిసినట్టే. అది తెలుసుకోకుండా నెట్‌లో దొరికిన కమాండ్లన్నీ వరసపెట్టి కొడితే ఉన్న రోగానికి ఇంకో రెండు తోడవుతాయి.

(కమాండ్లు ఫోన్‌లో వాడికి చెప్పినట్టే, పలికే తీరులో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు ఇంగ్లిషు అక్షరాల్లో, చిన్న బడిలో (స్మాల్ లెటర్స్‌లో) కొట్టుకోండి.)

విండోస్‌తో పెరిగినవాళ్ళకి డెస్క్‌టాప్ అంటే ఆపరేటింగ్ సిస్టమే. లినక్స్‌లో డెస్క్‌టాప్ అనేది సిస్టం మీద నడిచే మరో ప్రోగ్రాముల గుంపు. అది కూలినా కింద సిస్టం మీ ఫైళ్ళతో సహా నిక్షేపంగా ఉండొచ్చు. ఈ విడదీత పాతదే. 1984లో ఎంఐటీలో బాబ్ షైఫ్లర్, జిమ్ గెటిస్ తెర మీద బొమ్మలు చూపించే ఎక్స్ విండో సిస్టం మొదలుపెట్టినప్పుడే బొమ్మ గీసే ప్రోగ్రాము వేరు, గీయమని అడిగే ప్రోగ్రాము వేరు అన్న ఏర్పాటు చేశారు. 1987లో వచ్చిన ఎక్స్11 ఇప్పటికీ బతికే ఉంది. 2008లో క్రిస్టియన్ హాగ్స్‌బర్గ్ మొదలుపెట్టిన వేలాండ్ నెమ్మదిగా దాని జాగా తీసుకుంటోంది. ఫెడోరా అనే మరో లినక్స్ 2016లోనే వేలాండ్‌కి మారింది. ఉబుంటు 17.10లో మారి, 18.04లో వెనక్కి తగ్గి, 21.04లో మళ్ళీ మారింది. నెట్‌లో దొరికే సలహాల్లో సగం మీ మిషన్‌కి పనిచేయకపోవడానికి ఈ అటూఇటూ కూడా ఒక కారణం. అవి ఎక్స్ కాలంలో రాసినవి.

మేడ కట్టేటప్పుడు కూలీలు వరసగా నిలబడి ఇటుకలు అందించుకుంటారు చూడండి, మిషన్ స్విచ్ నొక్కినప్పుడు జరిగేదీ అలాంటిదే. మదర్‌బోర్డులో ఉండే యూఈఎఫ్ఐ (పాత మిషన్లలో బయాస్) పని ముగించి, ఏ సిస్టం లేపాలో మెనూ చూపే గ్రబ్ చేతికిస్తుంది. గ్రబ్ సిస్టం గుండెకాయ అయిన కెర్నల్‌ని పిలుస్తుంది. కెర్నల్ గ్రాఫిక్స్ డ్రైవర్‌ని లేపి తెరని తన అదుపులోకి తెచ్చుకుంటుంది. ఆ తర్వాత సిస్టమ్‌డీ వచ్చి సర్వీసుల్ని ఒక్కొక్కటే నడిపిస్తూ చివరికి డిస్‌ప్లే మేనేజర్‌ని లేపుతుంది. ఉబుంటు, ఫెడోరాల్లో అది జీడీఎం, కేడీఈ డెస్క్‌టాప్ ఉన్నచోట ఎక్కువగా ఎస్‌డీడీఎం, తేలికపాటి డెస్క్‌టాపుల్లో లైట్‌డీఎం. మనం పాస్‌వర్డ్ కొట్టే పేజీ వీటిదే. పాస్‌వర్డ్ సరిపోయాక మన పేరు మీద సెషన్ మొదలై, నోమ్ షెల్లో ప్లాస్మానో (ఇవి డెస్క్‌టాపుల పేర్లు) తెర మీదకి వస్తుంది. ఇటుక ఎవరి చేతిలో ఆగిపోయిందో చూడాలి. పైన నిలబడ్డవాణ్ణి తిట్టి లాభం లేదు, వాడి దాకా ఇటుక రానేలేదేమో.

ఇక నలుపుల సంగతి. గ్రబ్ మెనూ దాకా వచ్చి, ఆ తర్వాత తెర పూర్తిగా చచ్చిపోయి, కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కినా ఉలుకూపలుకూ లేకపోతే అనుమానం గ్రాఫిక్స్ డ్రైవర్ మీద. పైన ఎడమ మూల చిన్న గీత మినుకుమంటుంటే కెర్నల్ బాగానే ఉంది, డిస్‌ప్లే మేనేజర్ లేవలేదు. తెర రెండు మూడు సార్లు మెరిసి ఆగిపోతే డిస్‌ప్లే మేనేజర్ లేస్తూ పడుతూ ఉంది, పదేపదే పడేసరికి సిస్టమ్‌డీ విసుగొచ్చి వదిలేసింది. నలుపు మీద మౌస్ బాణం కదులుతుంటే అది శుభవార్త: బొమ్మ గీసేవాడు క్షేమం, గీయమని అడిగేవాడే రాలేదు. లాగిన్ పేజీ వచ్చి, పాస్‌వర్డ్ కొట్టగానే ఒక్క క్షణం నల్లబడి మళ్ళీ అదే పేజీ వస్తే సిస్టం చాలావరకు బాగుంది, గొడవ ఎక్కువగా మీ ఖాతాలో ఉంటుంది.

నలుపే కాని నలుపు కూడా ఒకటుంది. ఫోన్ టార్చి వెలిగించి తెర మీద ఏటవాలుగా వేసి చూడండి. లీలగా బొమ్మ కనిపిస్తే డెస్క్‌టాప్ వచ్చేసింది, వెనక దీపమే వెలగలేదు. బ్రైట్‌నెస్ మీట నొక్కితే పోయే జబ్బు అది. నవ్వకండి, ఒకసారి దీనికోసం గంటసేపు లాగులు (సిస్టం తన పనుల గురించి రాసుకునే చిట్టాలు) చదివాను.

గ్రబ్ దగ్గరే "గ్రబ్ రెస్క్యూ" అనో, ఆ తర్వాత "ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్" అనో, "ఎమర్జెన్సీ మోడ్" అనో ఆగిపోతే అసలు డెస్క్‌టాప్ ఊసే ఎత్తక్కర్లేదు. అది డిస్కు గొడవ. ఎమర్జెన్సీ మోడ్ అయితే చాలాసార్లు, ఎప్పుడో తీసేసిన పాత డిస్కు పేరు ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్లో (బూట్‌లో ఏ డిస్కులు కలపాలో చెప్పే జాబితా అది) మిగిలిపోయి ఉంటుంది. అప్పుడు సిస్టమ్‌డీ ఒకటిన్నర నిమిషం దానికోసం ఎదురుచూసి చేతులెత్తేస్తుంది.

మిగతా అన్ని సందర్భాల్లోనూ మన మొదటి గమ్యం టెక్స్ట్ కన్సోల్. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3. నల్లటి తెర మీద తెల్ల అక్షరాల్లో లాగిన్ అడుగుతుంది. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు చుక్కలు కూడా పడవు, కంగారుపడొద్దు. అది రాకపోతే మిషన్ ఆపి, ఉబుంటులో స్విచ్ వేయగానే ఎస్కేప్ మీట నొక్కి (పాత బయాస్ మిషన్‌లో షిఫ్ట్) గ్రబ్ మెనూ తెప్పించండి. ఉబుంటు వరస మీద ఉండగా "ఇ" మీట నొక్కితే పెద్ద చిట్టా వస్తుంది. "లినక్స్" అన్న మాటతో మొదలయ్యే వరస చివర "క్వైట్ స్ప్లాష్" అని ఉంటుంది. ఆ రెండూ తీసేసి 3 అంకె పెట్టి ఎఫ్10 నొక్కండి. డెస్క్‌టాప్ జోలికి పోకుండా టెక్స్ట్ లాగిన్ దగ్గర ఆగుతుంది. ఈ మార్పు ఆ ఒక్కసారికే, కాబట్టి తప్పు చేసినా మళ్ళీ ఆన్ చేస్తే పాత స్థితే.

స్విచ్ నొక్కిపట్టి ఆపడం డిస్కుకి మంచిది కాదు. ఆల్ట్, సిస్‌ఆర్‌క్యూ (ప్రింట్ స్క్రీన్ మీటే) పట్టుకుని ఎస్, యు, బి ఒకదాని తర్వాత ఒకటి, రెండు మూడు క్షణాల ఎడంతో నొక్కండి. రాయాల్సింది డిస్కులో రాసేసి, డిస్కుని చదవడానికి మాత్రమే ఉంచి, రీబూట్ చేస్తుంది. ఉబుంటులో ఈ మూడూ అనుమతించే పెట్టారు.

ఇక్కడ తెలుగువాళ్ళకి వచ్చే చిక్కొకటి చెప్పాలి. సిస్టం భాష తెలుగు పెట్టుకున్నవాళ్ళు టెక్స్ట్ కన్సోల్‌కి వెళ్తే ఎర్రర్లన్నీ డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తాయి. సిస్టం పాడయ్యి కాదు. లినక్స్ కన్సోల్ ఫాంటులో 512కి మించి రూపాలు పట్టవు, గుణింతాలూ వత్తులూ కలిపి పేర్చే యంత్రాంగం దానికి అసలే లేదు. ఆ పేర్చే పనంతా డెస్క్‌టాప్ మీద లైబ్రరీలు చేస్తాయి, మనకి పోయింది సరిగ్గా ఆ డెస్క్‌టాపే. ఎక్స్‌పోర్ట్ అని కొట్టి, ఖాళీ వదిలి, పెద్ద అక్షరాల్లో ఎల్‌సీ, అండర్‌స్కోర్, ఏఎల్ఎల్, ఈక్వల్, సీ అని కొడితే ఆ తర్వాత వచ్చే సందేశాలు ఇంగ్లిషులో వస్తాయి. ఫోల్డర్ పేర్లు "పత్రాలు", "దింపుకోళ్ళు" అని తెలుగులో ఉంటే మాత్రం డబ్బాలుగానే ఉంటాయి. ట్యాబ్ మీట నొక్కి పూర్తిచేయించుకోవడమే దారి. తెలుగు లినక్స్‌ని ఇష్టంగా వాడేవాణ్ణే అయినా, సిస్టం భాష ఇంగ్లిషులో ఉంచి తెలుగు ఫాంట్లు, కీబోర్డు పెట్టుకోమని అందరికీ చెబుతున్నది ఇందుకే.

కన్సోల్‌లోకి వచ్చాక మొట్టమొదట కొట్టాల్సింది డీఎఫ్, ఖాళీ, హైఫన్ హెచ్. డిస్కు నిండిందా అన్నది చూడాలి. డిస్కు నిండితే ఫైళ్ళు కాపీ అవ్వవు గానీ డెస్క్‌టాప్ ఎందుకు పోతుందని మావాడు కూడా అడిగాడు. సెషన్ మొదలవ్వాలంటే మీ హోమ్ ఫోల్డర్లో చిన్నచిన్న ఫైళ్ళు రాసుకోవాలి. జాగా లేకపోతే రాయలేక వెనక్కి తిరుగుతుంది. అయితే మిషన్ మాత్రం ఎలా బూట్ అయింది? ఈఎక్స్‌టీ4 (ఉబుంటు మామూలుగా వాడే పద్ధతి) డిస్కులో 5 శాతం జాగాని రూట్ కోసం, అంటే సర్వాధికారాలున్న ఖాతా కోసం పక్కన పెడతారు. మీకు పూర్తిగా నిండినా సిస్టం సర్వీసులకి ఆ కాస్త మిగిలుంటుంది. అందుకే కింద అంతా నడుస్తూ, మీ దగ్గరికొచ్చేసరికి ఆగిపోతుంది. సుడో ఆప్ట్ క్లీన్ (సుడో అంటే రూట్ అధికారంతో నడపమని, ఆప్ట్ అంటే ప్రోగ్రాములు ఎక్కించే, తీసేసే సాధనం) కొడితే దించుకున్న ప్యాకేజీలు పోతాయి, లాగులు కూడా గిగాబైట్లలో పేరుకుంటాయి. కాస్త ఖాళీ చేసి రీబూట్ చేస్తే చాలాసార్లు కథ అక్కడితో ముగుస్తుంది.

మావాడి డిస్కులో జాగా బోలెడుంది. వాడిది మూలన మినుకుమనే గీత. "మధ్యాహ్నం ఏమైనా ఎక్కించావా?" అంటే "కూడా (CUDA) ఎక్కించా మామయ్యా, డీప్ లెర్నింగ్‌కి కావాలి" అన్నాడు. గ్రాఫిక్స్ చిప్ మీద లెక్కలు చేయించే సాఫ్ట్‌వేర్ అది, దాంతోపాటు ఆ చిప్ డ్రైవరూ వస్తుంది. ఎన్‌విడియా.

2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో యూనివర్సిటీలో మాట్లాడుతూ లినక్స్ కెర్నల్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఎన్‌విడియా పేరెత్తి కెమెరాకి మధ్యవేలు చూపించాడు. ఆ కోపం ఎందుకో తెలియాలంటే డ్రైవర్లు ఎక్కడుంటాయో తెలియాలి. ఇంటెల్, ఏఎండీ గ్రాఫిక్స్ డ్రైవర్లు కెర్నల్‌లోనే భాగం. కెర్నల్ మారితే అవీ కలిసే మారతాయి. వాటితో గొడవ ఎక్కువగా కొత్త ల్యాప్‌టాప్‌లో పాత లినక్స్ ఎక్కించినప్పుడే వస్తుంది. ఎన్‌విడియా సొంత డ్రైవర్ మాత్రం కెర్నల్ బయట పెరిగే బిడ్డ. 2022 మే నెలలో కెర్నల్ భాగానికి ఓపెన్ సోర్స్ రూపం విడుదల చేశారు గానీ, బయట ఉండటం మాత్రం మారలేదు. కెర్నల్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ దానికి సరిపోయే మాడ్యూల్ (కెర్నల్‌లో చేరే డ్రైవర్ ముక్క) మళ్ళీ తయారవ్వాలి. ఆ పని డీకేఎంఎస్ అనే ఏర్పాటు చేస్తుంది. కెర్నల్ హెడర్లు (ఆ తయారీకి కావాల్సిన ఫైళ్ళు) లేకపోయినా, కొత్త కెర్నల్‌తో పాత డ్రైవర్ కోడ్ పొసగకపోయినా మాడ్యూల్ తయారవ్వదు. మీరు మాత్రం రోజూలాగే అప్‌డేట్ చేసి పడుకుంటారు. తెల్లారి తెర రాదు.

ఇలాంటప్పుడు గ్రబ్ మెనూలో "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్"లోకి వెళ్ళి పాత కెర్నల్‌తో బూట్ చేసి చూడాలి. ఉబుంటు వెనకటి కెర్నల్‌ని ఊరికే ఉంచుకోదు, ఇందుకే ఉంచుతుంది. పాతదాంతో తెర వస్తే నేరం కొత్త కెర్నల్‌కీ డ్రైవర్‌కీ మధ్య ఉందని రుజువైపోయినట్టే. డీకేఎంఎస్ స్టేటస్ అని కొడితే ఏ కెర్నల్‌కి మాడ్యూల్ తయారైందో, దేనికి కాలేదో చెబుతుంది.

మావాడి సమస్య దీనికి అన్న. మాడ్యూల్ తయారైంది. సెక్యూర్ బూట్ అనే యూఈఎఫ్ఐ కాపలా దాన్ని లోపలికి రానివ్వలేదు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే సంతకం లేని మాడ్యూల్‌ని కెర్నల్ ఎక్కించుకోదు. మీ మిషన్‌లో తయారైన మాడ్యూల్‌కి మీ మిషన్‌లోనే పుట్టిన తాళంచెవితో సంతకం చేస్తారు. అయితే ఆ చెవి మీదేనని యూఈఎఫ్ఐ దగ్గర ఒకసారి నమోదు చేయించాలి. అందుకే డ్రైవర్ ఎక్కించేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. తర్వాత రీబూట్ చేయగానే నీలం రంగు తెర వస్తుంది, పది సెకన్లు ఆగుతుంది. ఆలోగా ఏదో ఒక మీట నొక్కి, "ఎన్‌రోల్ మోక్" (మోక్ అంటే మిషన్ యజమాని తాళంచెవి) ఎంచుకుని, ఆ పాస్‌వర్డ్ కొట్టాలి. చూడని తెర, నీలం రంగు, విండోస్ రోజుల భయం. మనవాళ్ళు నూటికి తొంభైమంది "కంటిన్యూ బూట్" నొక్కేస్తారు, లేదా టీ తాగడానికి లేచి వెళ్ళొచ్చేసరికి పది సెకన్లూ అయిపోతాయి. నమోదు జరగలేదు. ఎన్‌విడియా డ్రైవర్ రాదు. అది వస్తుందని ముందే నౌవో అనే స్వేచ్ఛా డ్రైవర్‌ని బ్లాక్‌లిస్టులో పెట్టారు కాబట్టి అదీ రాదు. మావాడు పైగా ఆటల కోసం బయాస్‌లో ఎన్‌విడియా ఒక్కటే పనిచేసేలా పెట్టుకున్నాడు. ఇంటెల్ గ్రాఫిక్స్ ఆదుకునే దారి కూడా మూసుకుపోయింది.

డ్రైవర్‌ని చేత్తో ఎక్కించి చూడటానికి సుడో మోడ్‌ప్రోబ్ ఎన్‌విడియా అని కొట్టించాను. "కీ వజ్ రిజెక్టెడ్ బై సర్వీస్" అని చదివాడు. అంతకన్నా స్పష్టంగా ఏ మిషనూ చెప్పదు.

ఈ దశలో నెట్ అంతా చెప్పే మంత్రం "నోమోడ్‌సెట్". గ్రబ్‌లో ఆ మాట చేరిస్తే కెర్నల్ గ్రాఫిక్స్ డ్రైవర్ల జోలికి పోకుండా, యూఈఎఫ్ఐ అప్పగించిన ముతక తెరతోనే నెట్టుకొస్తుంది. ఏదోలా లోపలికి పోవడానికి పనికొస్తుంది, కాదనను. కానీ దాన్ని శాశ్వతంగా పెట్టేసుకుని, బ్రైట్‌నెస్ మారట్లేదని, వీడియో ముక్కలు ముక్కలుగా వస్తోందని, బయటి మానిటర్ పనిచేయట్లేదని ఏడాదిపాటు బాధపడ్డవాళ్ళని చూశాను. కాలు విరిగితే ఊతకర్ర మంచిదే, కట్టు కట్టించుకోవడం మానేస్తేనే చిక్కు.

ఇక లాగిన్ పేజీ చుట్టూ తిరిగే జబ్బు. పాస్‌వర్డ్ తప్పయితే తప్పని చెబుతుంది. చెప్పకుండా తిప్పి పంపిందంటే పాస్‌వర్డ్ సరైనదే, సెషన్ మొదలై వెంటనే చచ్చింది. దీనికి ఒక్క పరీక్ష చాలు: కన్సోల్‌లో సుడో యాడ్‌యూజర్ అని, పక్కన ఏదో పేరు పెట్టి కొత్త ఖాతా తెరవండి. కొత్త ఖాతాతో డెస్క్‌టాప్ వస్తే సిస్టం నిర్దోషి, దోషం మీ హోమ్ ఫోల్డర్లో ఉంది. కొత్తదాంతో కూడా రాకపోతే మీ ఫోల్డర్ నిర్దోషి. రెండు నిమిషాల పని సగం అడవిని నరికేస్తుంది.

హోమ్ ఫోల్డర్లో దోషమంటే ఎక్కువగా యాజమాన్యం గొడవ. ఎప్పుడో ఎవరో చెప్పారని సుడో పెట్టి స్టార్ట్‌ఎక్స్ నడిపి ఉంటారు. దాంతో డాట్ ఎక్స్అథారిటీ, డాట్ ఐసీఈఅథారిటీ అనే ఫైళ్ళు రూట్ పేరు మీదకి పోతాయి. మీ ఇంట్లో ఫైలే అయినా మీరు రాయలేరు. ఎల్ఎస్, ఖాళీ, హైఫన్ ఎల్ఏ కొట్టి, మీ పేరుండాల్సిన చోట రూట్ అని ఉందేమో చూసి, చౌన్ కమాండ్‌తో మళ్ళీ మీ పేరు మీదకి మార్చుకోవాలి.

కొత్త ఖాతాతో కూడా రాకపోతే నేను ముందు చూసేది ఈటీసీ ఫోల్డర్లోని ఎన్విరాన్‌మెంట్ ఫైలు. జావా, హడూప్ నేర్చుకునే పిల్లలు పాత్ వరసని (ప్రోగ్రాముల్ని ఏ ఫోల్డర్లలో వెతకాలో చెప్పేది) అందులో రాసేటప్పుడు పాతదాన్ని కలపకుండా కొత్తది మాత్రమే రాసేస్తారు. అప్పుడు సిస్టం ఎక్కడ ఏ ప్రోగ్రాముందో మర్చిపోతుంది, కన్సోల్‌లో ఎల్ఎస్ కొట్టినా "కమాండ్ నాట్ ఫౌండ్" అంటుంది. ఎల్ఎస్ పోయిందని గుండె ఆగక్కర్లేదు. స్లాష్ యూఎస్ఆర్ స్లాష్ బిన్ స్లాష్ అని ముందు చేరిస్తే అన్నీ పలుకుతాయి, సుడోకీ నానోకీ కూడా అలాగే చేర్చి ఆ ఫైలు దిద్దుకోవచ్చు. టెంప్ ఫోల్డర్ అనుమతులు చెడినా ఇదే లక్షణం. వాటి విలువ 1777 ఉండాలి.

లాగిన్ అయ్యి, "ఓ నో" అంటూ దిగులు మొహంతో తెల్లటి పేజీ వస్తే అది నోమ్ షెల్ ఏడుపు. ముందు ఎక్స్‌టెన్షన్లు ఆపి చూడండి.

లాగు చదవడం గురించి ఒక మాట. జర్నల్‌సీటీఎల్, హైఫన్ బీ, హైఫన్ పీ 3 అని కొడితే ఈసారి బూట్‌లో వచ్చిన ఎర్రర్లు మాత్రమే వస్తాయి. బీ తర్వాత ఖాళీ వదిలి మైనస్ 1 చేరిస్తే కిందటి బూట్‌వి. ఎక్స్ వాడే మిషన్లలో ఎక్సార్గ్ లాగు విడిగా ఉంటుంది, అందులో తప్పుల ముందు బ్రాకెట్లో రెండు "ఇ"లుంటాయి. ఆ గుర్తుతో వెతికితే మొదట దొరికేది తప్పు కాదు, ఏ గుర్తుకి ఏమిటర్థమో చెప్పే పట్టిక. దాన్నే ఎర్రర్ అనుకుని బెంబేలెత్తినవాళ్ళున్నారు. అందరూ పట్టుకునేది చివరి వరస: "నో స్క్రీన్స్ ఫౌండ్". అది శవపంచనామా. చావుకి కారణం దానికి పది వరసల పైన, మొదటి ఎర్రర్ దగ్గర ఉంటుంది. చాలాసార్లు అక్కడ కనిపించేది, ఎప్పుడో తీసేసిన డ్రైవర్ పేరు పట్టుకుని వేలాడుతున్న పాత ఎక్సార్గ్ డాట్ కాన్ఫ్ ఫైలు. పేరు మార్చేస్తే ఎక్స్ తనంతట తాను సరైనది వెతుక్కుంటుంది.

అసలు డెస్క్‌టాపే లేకపోవచ్చు కూడా. 2021 నవంబరులో టెక్ వీడియోలు చేసే లైనస్ సెబాస్టియన్ పాప్ ఓఎస్ అనే లినక్స్‌లో ఆటల కోసం వాడే స్టీమ్ ఎక్కించబోతే, ప్యాకేజీల మెలిక వల్ల ఆప్ట్ డెస్క్‌టాప్‌ని తీసేస్తానంది. హెచ్చరిక పెద్దదే వచ్చింది. ఆయన ఒప్పుకున్నాడు, డెస్క్‌టాప్ పోయింది. మన దగ్గర దీనికి పైథాన్ రూపముంది: పాత పైథాన్ అక్కర్లేదని సుడో ఆప్ట్ రిమూవ్ పైథాన్3 కొడతారు. ఉబుంటు డెస్క్‌టాప్ దాని మీదే కూర్చుని ఉంటుంది, అదీ వెళ్ళిపోతుంది. సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఉబుంటు-డెస్క్‌టాప్ అంటే తిరిగొస్తుంది, నెట్ ఉంటే. కన్సోల్‌లో వైఫై కలపడం తలనొప్పి. ఫోన్‌కి కేబుల్ పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, దానంతటదే కలుస్తుంది. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయి ఇలా అయితే ముందు సుడో డీప్యాకేజీ (డీపీకేజీ అని టైపు చేయాలి), రెండు హైఫన్లతో కాన్ఫిగర్, ఖాళీ, హైఫన్ ఏ కొట్టాలి. సగంలో ఆగినవి పూర్తవుతాయి.

మళ్ళీ మొత్తం ఎక్కించడమే నయమైన సందర్భం నాకు కనిపించినంతలో ఒకటే. అనుమతుల గొడవ తీరాలని సిస్టం మొత్తానికి చ్‌మాడ్ 777 కొట్టినవాళ్ళు. అది కొడితే సుడోకి ఉండే ప్రత్యేక బిట్ కూడా చెరిగిపోయి సుడోనే పనిచేయనంటుంది. వేల ఫైళ్ళకి ఏది ఎంత ఉండేదో ఎవరూ గుర్తుపెట్టుకోరు. పెన్‌డ్రైవ్‌లో ఉబుంటుని "ట్రై" మోడ్‌లో నడిపి, ఫైళ్ళు బయటికి తీసుకుని, కొత్తగా ఎక్కించుకోవడమే.

మావాడు నాకు ఫోన్ చేసేలోపే ఆ పెన్‌డ్రైవ్ సిద్ధం చేసి, పోర్టులో పెట్టి కూర్చున్నాడు. ముందు దాన్ని తీయించాను. మోక్‌యుటిల్ అనే కమాండ్‌తో తాళంచెవి నమోదుకి మళ్ళీ పెట్టించి, రీబూట్ చేసి నీలం తెర వస్తే పారిపోవద్దని చెప్పి ఫోన్ పెట్టేశాను.

పదకొండుంబావుకి మళ్ళీ మోగింది.

"మామయ్యా, నీలం తెర వచ్చింది. ఎన్‌రోల్ నొక్కా. పాస్‌వర్డ్ అడుగుతోంది. ఏ పాస్‌వర్డ్?"

"ఐదు నిమిషాల క్రితం నువ్వు పెట్టిందేరా."

అవతల మళ్ళీ కాసేపు చప్పుడు లేదు.